పైన ఎండిన వాగు, కింద జలపాతం

"వాగేమో పైన ఎండిపోయి ఉంది, కిందేమో జలపాతం దూకుతోంది. మోటారేమైనా పెట్టారా?" అని ఒక పాఠకుడి ఉత్తరం. ఆయన చూసొచ్చింది ఉత్తర కాలిఫోర్నియాలోని బర్నీ జలపాతం. 129 అడుగుల ఎత్తు, రోజుకు సుమారు 38 కోట్ల లీటర్ల నీళ్లు. మోటారు లేదు. నీళ్లలో చాలా భాగం రాతిలోంచి వస్తోంది.

అక్కడి నేల అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన బసాల్టు. వాన, కరిగిన మంచు అందులో ఇంకి దిగువన ఊటలవుతాయి. తమాషా అంతా ఆ ఇంకడంలోనే ఉంది.

బసాల్టు ముక్కను చేతిలోకి తీసుకుంటే సెట్ దోసె మీద ఉన్నట్టు చిల్లులు. లావాలోంచి వాయువులు పోతూ చేసినవి. నీళ్లు వీటిగుండానే పోతాయని చాలామంది చెప్పేస్తుంటారు. తప్పు! ఆ చిల్లుల్లో చాలావాటికి ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. నీటిని కిందికి దింపేవి లావా చల్లారి కుంచించుకున్నప్పుడు పడిన నిలువు నెర్రెలు. ఇక పక్కదారి సంగతి. పారే లావా పైపెచ్చు గట్టిపడుతుంది, లోపలి లావా కదులుతుంటే పగిలి కంకరవుతుంది. దానిమీదికి మరో లావా వస్తుంది. మధ్యలో ఇరుక్కున్న ఆ కంకర పొర పట్టుకునే నీరు సాగుతుంది.

మరి ఇంకా లోతుకు ఎందుకు దిగదు? కింద డయాటమైటు ఉంది. పాత సరస్సు అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల గాజుపెంకుల మట్టి. అందులో సగానికి పైగా ఖాళీయే! కానీ ఆ ఖాళీలు మరీ సన్నం, నీరు సాగలేదు. గట్టి రాయి నీటిని పోనిస్తుంటే, డొల్ల మట్టి ఆపేస్తోంది. అందుకే అంచు మీంచి దూకే ధారల కింద, నాచు పట్టిన రాతిగోడ మధ్యనుంచి కూడా లెక్కలేనన్ని పాయలు చిమ్ముతుంటాయి.

ఇలా ఊటల నీరు వానదేనన్నది ఒకప్పుడు అందరూ ఒప్పుకున్న మాట కాదు. ఊటలకు సముద్రమే మూలమని, భూగర్భ కాలువల్లో నీరు కొండలెక్కుతుందని 17వ శతాబ్దంలో అథనాసియస్ కిర్చర్ అనే పండితుడు బొమ్మలు వేసి మరీ చెప్పాడు. 1674లో ఫ్రాన్స్‌లో పియెర్ పెరో లెక్క వేస్తే, సెన్ నది ఎగువన కురిసే వాన నదిలో పారేదానికి ఆరు రెట్లని, అంటే నదికి వానే చాలని తేలింది. చిత్రమేమంటే, వాన నేలలోకి లోతుగా ఇంకుతుందని పెరో కూడా నమ్మలేదు.

ఆదిలాబాద్ నల్లరేగడి కింద ఉన్నదీ బసాల్టే, మరి అక్కడ ఇలాంటి ఊటలేవి? అక్కడిది దక్కన్ లావా, దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. నెర్రెలు చాలాచోట్ల బంకమట్టితో, ఖనిజాలతో పూడిపోయాయి. బర్నీ రాయి దాని ముందు పసిది. అయినా మనవాళ్లు బోరు వేసేముందు లావా పొరల అతుకు ఎక్కడుందో చూడరు, అరచేతిలో కొబ్బరికాయ ఎటు లేస్తే అటు తవ్విస్తారు.