స్త్రీలును చిత్రదర్శనమును

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో మేము సకుటుంబముగా మైసూరునకు బోయి, జగన్మోహన ప్రాసాదమునందలి చిత్రశాలను దర్శించితిమి. అచ్చట రాజా రవివర్మ 1889వ సంవత్సరమున రచించిన గాయికల చిత్రము గలదు. భారతదేశపు వేర్వేరు ప్రాంతముల స్త్రీలు తమతమ వేషములతోను వాద్యములతోను ఒక్కచోట గూడియుండుట దాని విషయము. మేము దానిముందు చాలసేపు నిలిచి, మా ఆడుబిడ్డతో "ఆ హారము చూచితివా అమ్మాయీ, ఆ చీర యంచు చూచితివా" యని ముచ్చటపడుచుంటిమి. ప్రక్కనున్న యొక పెద్దమనిషి, ఎవరో మాకు దెలియదు, తన తోడివానివంక దిరిగి, "ఆడువారిని చిత్రశాలకు దెచ్చినను నగల యంగడికి దెచ్చినను ఒక్కటే" యని నవ్వెను. అందు దురుద్దేశ ముండకపోవచ్చును. కాని మాకు మఱి నోట మాట రాలేదు. మిగిలిన గదులను తలవంచుకొని దాటితిమి. అటుపిమ్మట చాలకాలము ఏ చిత్రమును గూర్చియు నలుగురిలో పెదవి విప్పలేదు.

మేము బడికి బోయి చదివినవారము గాము. బాల్యమున మా తండ్రిగారు ఇంటనే కావ్యములును పురాణములును జెప్పిరి. ఆ చదువు చేతనే, కొంతకాలమునకు విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రమును జూచుట తటస్థించినది. అందు మార్కండేయుడు వజ్రుడను రాజునకు చిత్రవిద్యను బోధించుచు, చిత్రమునందు ఆచార్యులు రేఖను మెత్తురనియు, విచక్షణులు వర్తనను, అనగా వెలుగునీడల పొందికను మెత్తురనియు, స్త్రీలు భూషణములను గోరుదురనియు, తక్కినవారు వర్ణసమృద్ధిని గోరుదురనియు జెప్పియున్నాడు. మైసూరులో విన్న మాట యెంత ప్రాచీనమైనదో అప్పుడు తెలిసినది! మొదట రెండవమాఱు నొచ్చుకొంటిమి. పిమ్మట నింపాదిగా నాలోచింపగా, ఈ నాలుగును చిత్రమను గృహమునకు నాలుగు వాకిళ్లని తోచినది. అన్ని చిత్రములు ఒక్క వాకిటనే తెఱచియుండవు. సీసపద్యమునందలి తూగును ద్విపదయందు వెదకి, లేదని నిందించుట న్యాయము గాదుగదా. చిత్రముల విషయమునను అంతియే. మా యింటివారు పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చిన చిత్రసంపుటములను ముందుంచుకొని, ఏ దేశపు చిత్రము ఏ వాకిట మనలను బిలుచుచున్నదో మేము చూచిన విధమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

రేఖకు మొదట అజంతాను జెప్పవలెను. ఒకటవ గుహయందలి పద్మపాణి చిత్రము క్రీస్తుశకము 5వ శతాబ్ది చివరిదని పండితుల మతము. చేత నీలోత్పలమును ధరించి, శిరస్సు నొకింత వంచి, కన్నులు వాల్చియున్న బోధిసత్త్వుని రూపమది. కిరీటమును ముత్యాలసరములును గలవు. అయినను ఆ కనుబొమ్మల వంపును, మెడనుండి భుజమునకు జాఱిన రేఖను జూచిన కన్ను నగలమీద నిలువదు. కరుణ యంతయు ఆ వంపులోనే యున్నది.

జపానునందు హొకుసాయి యను చిత్రకారుడు 1831 ప్రాంతమున, తన డెబ్బదియేండ్ల వయస్సున, కనగావ తీరపు పెద్ద యలను రచించెను. చెక్కమీద జెక్కి కాగితముమీద నద్దిన చిత్రమది. పొడవు అడుగుంబావు మాత్రమే. ముందు కొండంత యల. దాని క్రింద మూడు పడవలు. వానిలో వంగి యొదిగిన తెడ్లవారు. దూరమున ఫ్యూజి పర్వతము చిన్న నురుగు ముద్దవలె నున్నది. నీడలు లేవు, రంగులు కొన్నియే. రేఖ యొక్కటియే సముద్రమును లేపి నిలిపినది. ప్రతిదినము వాకిట ముగ్గు పెట్టు మనకు రేఖ క్రొత్తది గాదు. వ్రేలిసందున పిండి జాఱుచుండగా మెలిక తెగకుండ త్రిప్పుట యెంత నిదానపు పనియో ఎఱిగిన చేతికి, ఈ యలయొక్క వంపు వెంటనే తెలియగలదు.

వర్తనకు మైసూరు చిత్రశాలలోనే గొప్ప యుదాహరణ మున్నది. చేత దీపము పట్టుకొని, మఱియొక చేతిని అడ్డముంచుకొన్న స్త్రీ చిత్రమది. పలువురు దానిని రవివర్మ దని భ్రమపడుదురు. రవివర్మ 1906లోనే గతించెను. ఇది ఎస్. ఎల్. హల్దంకరు 1945 ప్రాంతమున తన కుమార్తెను నిలువబెట్టి రచించినది. నీటిరంగులలో వెలుగును పైన బూయుట కష్టము. వెలుగుండవలసినచోట కాగితమును ముందే కాచుకొనవలెను. దీపకాంతి వ్రేళ్లగుండ నెఱ్ఱగా తొంగిచూచుటయే ఆ చిత్రమునకు ప్రాణము. ఆనాడు మేము తలవంచుకొని దాటిన చిత్రములలో నిదియు నొకటి! ఒక్క పరిహాసపు మాటచే మేమేమి పోగొట్టుకొంటిమో తరువాత దీని ప్రతిని జూచినప్పుడు గాని తెలియలేదు.

ఇట్టి వెలుగునే హాలెండు దేశపు వెర్మీరు 1660 ప్రాంతమున ఒక వంటయింట జూపినాడు. ఒక పనికత్తె కుండలోనుండి పాలు వంచుచున్నది. ఎడమవైపు కిటికీనుండి వచ్చు కాంతి రొట్టెలమీద చుక్కలు చుక్కలుగా మెఱయుచున్నది. వెనుకగోడకు మేకు దిగిన బెజ్జముకూడ కనబడును. ఆమ్‌స్టర్‌డాము నగరమున నున్న ఆ చిత్రము అడుగున్నర యెత్తునకు మించదు. ఆమెకు చెప్పదగిన నగ యొక్కటియు లేదు. చేయు పనిమీద నిలిచిన మనస్సును, గోడమీది వెలుగును, ఈ రెండే ఆమెకు భూషణములు.

ఇక వర్ణము. 1874వ సంవత్సరమున పారిసు నగరమున కొందఱు చిత్రకారులు, ప్రభుత్వపు వార్షిక ప్రదర్శనముతో విసిగి, స్వయముగా నొక ప్రదర్శనము పెట్టిరి. మోనే యనునాతని సూర్యోదయ చిత్రమును జూచి, ఇది చిత్రము గాదు, ఉత్త 'ఇంప్రెషను' మాత్రమేయని యొక పత్రికారచయిత యెగతాళి చేసెను. ఆతడు రేఖా నైపుణ్యమను వాకిట దలుపు దట్టి, తెఱువలేదని కోపించెను. వారు తెఱచియుంచినది రంగుల వాకిలి! నాటి యెగతాళియే వారికి బిరుదై నిలిచి, నేడు లోకము వారిని ఇంప్రెషనిస్టులనియే గౌరవించుచున్నది.

ఆ ప్రదర్శనమున బెర్తు మోరిసో యను స్త్రీ చిత్రములును గలవు. అందు 'ఉయ్యాల' యనునది ఆమె 1872లో రచించినది. చిత్రకారిణి యక్కగారైన ఎడ్మా, నిద్రించు తన బిడ్డను జూచుచు కూర్చున్నది. తొట్టిమీద పలుచని తెర వ్రేలాడుచున్నది. తెర తెల్లనిదే గాని, ఆ తెలుపులో ఒకచోట నీలము, ఒకచోట లేతగులాబి, ఒకచోట బూడిదవన్నె కనబడును. ఉతికి యారవేసిన తెల్లచీరను ఉదయమున నొకసారి, సందెవేళ నొకసారి చూచిన స్త్రీకి ఇందు వింత లేదు.

ఈ చిత్రమున మఱియొక సంగతి గలదు. ఎడ్మాయు చెల్లెలితోబాటు చిత్రవిద్య నభ్యసించినదే. 1869లో వివాహమైన పిమ్మట ఆమె కుంచెను విడిచెను. ఇది తెలిసి మరల చూచునప్పుడు, ఆ తల్లి చూపులో వాత్సల్యమొక్కటే యున్నదో, మఱేదైన నున్నదో మేము తేల్చుకొనలేకున్నాము. చిత్రము చెప్పదు. విడిచిన యామెను విడువని యామె చిత్రించినది, అంతవఱకే నిజము. ఆ చిత్రము నాడు అమ్ముడుపోలేదు. కుటుంబమునందే యుండి, 1930లో ఫ్రెంచి ప్రభుత్వపు సంగ్రహమునకు జేరినది. ఇప్పుడు పారిసునందలి ఓర్సే చిత్రశాలలో నున్నది.

తుదకు మనకు విధించిన భూషణమునకు వత్తము. వియన్నా నగరపు క్లిమ్టు 1907లో ముగించిన అడేలె బ్లోహ్ బావరు చిత్రమునందు భూషణమే సర్వము. నాలుగున్నర యడుగుల చతురమున నూనెరంగులతోబాటు బంగారు వెండి రేకులు పొదిగినాడు. ఆతని తండ్రి బంగారముమీద చెక్కడపు పని చేయువాడు. ఆమె చీనాంబరమేదో, ఆసనమేదో, గోడ యేదో తెలియకుండ స్వర్ణము పరచుకొన్నది. ముఖమును చేతులును మాత్రమే మనుష్యములు. ఆ ముఖమున నిండుసంతోషము లేదు. అంత బంగారములో నామె చిక్కుకొన్నట్లుండును. భూషణమును చూడనొల్లనివాడు ఈ చిత్రమున నేమి చూడగలడు? ఈ చిత్రమును నాజీలు అపహరింపగా, చాలకాలము ఆస్ట్రియా ప్రభుత్వమువద్ద నుండి, 2006లో గాని ఆమె వంశీయులకు దక్కలేదు. ఇప్పుడు న్యూయార్కులో నున్నది.

ఇది తెలిసిన పిమ్మట రవివర్మ చిత్రపు ప్రతిని మరల తీసితిమి. మా పండ్రెండేండ్ల అమ్మాయి దానిని జూచి, "అమ్మా, వీణ పట్టిన ఈమెది మలయాళదేశము గదా, తెల్లని బట్టను బట్టి చెప్పవచ్చును, ఈమె కచ్చపోసి కట్టినది, మహారాష్ట్రస్త్రీ" యని యొక్కొక్కరిని గుర్తింపసాగినది. రవివర్మ మనల నడిగినదే అది! వస్త్రములును నగలును జూడనిచో, వారు వేర్వేరు ప్రాంతములవారని తెలియుటెట్లు? కావున ఆనాడు మేము చూచినది తప్పు గాదు. తప్పేదనగా, అచ్చటనే ఆగిపోవుట. ముఖములను, చేతులను, వెలుగు వచ్చు దిక్కును జూడకపోవుట. అంతకు మించిన తప్పు, ఒకరు నవ్విరని కన్నులు వాల్చుకొనుట.

సోదరీమణులారా, చిత్రముముందు నిలిచినప్పుడు మీకు మొదట కనబడినదానిని సిగ్గుపడక పైకి జెప్పుడు. పిదప తక్కిన మూడింటిని వెదకుడు. పుస్తకమున జూచునప్పుడు అసలు చిత్రముయొక్క పరిమాణము తెలిసికొనుడు. అఱచేతి యంతదియు గోడయంతదియు అచ్చులో సమానముగ నుండి మోసపుచ్చును. పిల్లలను గూడ "బాగున్నదా" యని యడుగక "ఏమి కనబడుచున్నది" యని యడుగుడు.

మైసూరునకు మరల బోవు భాగ్యము గలిగి, ఆ పెద్దమనిషియే ప్రక్కన నిలిచి నవ్వినచో, ఈసారి తలవంచుకొని పోము. "అయ్యా, తమ రేమి చూచితిరి?" అని మాత్ర మడుగదలచుకొన్నాము.