భాషలలో మాట్లాడుట

భాషలలో మాట్లాడుట అనగా ప్రార్థనలోనో ఆరాధనలోనో భక్తుడు తాను నేర్వని పలుకులను ధారాళంగా ఉచ్చరించే క్రైస్తవ ఆచారం. తెలుగు క్రైస్తవులు వీటిని 'అన్యభాషలు' అని కూడా అంటారు. పెంతెకొస్తు సంఘాలు దీనిని పరిశుద్ధాత్మ వరంగా భావిస్తాయి. ఈ వరం అపొస్తలుల కాలంతోనే ముగిసిందని కొన్ని ఇతర సంఘాల అభిప్రాయం.

బైబిలు ఆధారం

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం ప్రకారం, పెంతెకొస్తు పండుగనాడు శిష్యులు మాట్లాడగా వివిధ దేశాలవారు ఎవరి భాషలో వారు విన్నారు. కొరింథు సంఘంలో మాత్రం ఈ పలుకులు శ్రోతలకు అర్థమయ్యేవి కావు. అందుచేత ఇద్దరు, మించితే ముగ్గురు వంతుల చొప్పున మాట్లాడాలనీ, అర్థం చెప్పేవారు లేనప్పుడు సంఘంలో మౌనం వహించాలనీ పౌలు నియమించాడు (1 కొరింథీయులు 14).

ఆధునిక చరిత్ర

1901లో అమెరికాలోని టొపీకాలో చార్లెస్ పర్హామ్ నడిపిన బైబిలు పాఠశాలలోను, 1906 నుండి లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో నల్లజాతి బోధకుడు విలియం సేమూర్ నడిపిన కూటములలోను ఈ ఆచారం ప్రాచుర్యం పొందింది. ఇవి నిజమైన విదేశీ భాషలేననీ, సువార్తికులు పరభాషలు నేర్వనక్కరలేదనీ పర్హామ్ బోధించాడు. తనకు బెంగాలీ లభించిందని నమ్మి 1907లో కలకత్తాలో బోధించవచ్చిన ఆల్ఫ్రెడ్ గార్ ఆ భాషలో మాట్లాడలేకపోయాడు. అయినను విశ్వాసం విడువక, ఈ వరం ప్రార్థనకు, స్తుతికి ఉద్దేశించినదని గ్రహించాడు.

భాషాశాస్త్ర దృష్టి

భాషావేత్త విలియం సమారిన్ 1972లో ప్రచురించిన గ్రంథంలో, ఈ పలుకులు వక్తకు పరిచితమైన ధ్వనులతోనే ఏర్పడతాయనీ, వాటికి లయ ఉన్నా వ్యాకరణం గాని నియతార్థం గాని ఉండవనీ నిరూపించాడు. అయితే ఇది మానసిక రుగ్మత కాదనీ, భక్తునికి మతపరంగా అర్థవంతమేననీ ఆయన స్పష్టం చేశాడు.