దీపమును బయట పెట్టిన కుర్రవాడు

రాజమహేంద్రవరములో మేము చదువుకొనునాడు, 'పుట్ ఔట్ ది ల్యాంప్' అను వాక్యమునకు అర్థమేమని పంతులుగారడుగగా, లంకలనుండి వచ్చిన కుర్రవాడొకడు తడుముకొనక లేచి, 'దీపమును బయట పెట్టుము' అని చెప్పి కూర్చుండెను. తరగతి నవ్వినది. పంతులుగారు మాత్రము వానిని మరల నిలువబెట్టి, 'పుట్ ఔట్' అనగా ఆర్పుట, 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట, 'పుట్ అప్ విత్' అనగా సహించుట యని పదిమార్లు వల్లె వేయించిరి. అర్థములు వానికి వచ్చినవి. అవి యెట్లు వచ్చినవో తెలియలేదు.

చిన్నమాట తోడై క్రియార్థమును మరియొక దిక్కునకు మళ్ళించు నీ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి కష్టమని 1755లో తన నిఘంటు పీఠికయందు శామ్యూల్ జాన్సన్ పండితుడే యొప్పుకొనెను. అయినను ఈ కిటుకు మనకు క్రొత్తదా? సంస్కృతమున 'హృ' ధాతువునకు ముందు ఉపసర్గ మారినంతనే ఆహారము సంహారమగుచున్నది, విహారము పరిహారమగుచున్నది. భోజనమునకును వధకును మూలమొక్కటే యని యెరిగిన పిల్లవానికి, ఆర్పుటకును వాయిదాకును మూలమొక్కటే యన్న వెరపేల? ఆంగ్లమున నా చేర్పు వెనుక వచ్చును, అంతియే. తెలుగున మరింత చిత్రము. వయసు పైబడినవానిపై నేదియు పడలేదు. గుట్టు బయటపడినను, ఆపదనుండి మనిషి బయటపడినను మాట యొక్కటే, ఫలము వేఱు. 'కనిపెట్టు'లో కనుట సరియే, పెట్టుట యెచ్చటనున్నది? రాజమహేంద్రవరమున నుద్యోగించి, 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును ప్రకటించిన బ్రౌనుదొర యిట్టి మాటలకడ నెంతసేపు ఆగెనో యని నాకప్పుడప్పుడు తోచుచుండును.

కావున జాబితాకన్న ముందు ఆ చిన్నమాట నడకను పట్టుకొనవలెను. 'ఔట్' వెలుపలికి పోవుటనే కాక, ఉన్నది లేకుండ పోవుటను గూడ సూచించును. దీపమారుట, ఇంటిలో బియ్యము నిండుకొనుట, ఓపిక యుడుగుట ఆ నీడలోనివే. మన 'తినివేయు'లో వేయుట యెట్టిదో, 'ఈట్ అప్'లో 'అప్' అట్టిదే. కంచము ఖాళీయగుటయే దాని తాత్పర్యము. 'పుట్ ఔట్' వంటివానిలో 'ఇట్' అను సర్వనామము నడుమనే చొరబడవలెనను నియమము మాత్రము అభ్యాసముచేతనే యబ్బును.

మరియొక మెలిక. మనవారు అర్జీలలో 'పోస్ట్‌పోన్', 'టాలరేట్' అని లాటిను మూలపు పెద్దమాటలు వ్రాయుదురు. ఆంగ్లేయుడు తన యింట 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్' అనును. మనము నేర్చినది వారి గ్రాంథికమన్నమాట. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుటతో రాజమహేంద్రవరమునకు తరలివచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగు విషయమున చిరకాలము వాదించినది యీ భేదమును గూర్చియే. (నేనీ భాషలో నీ మాట వ్రాయుట చూచినచో ఆయన నవ్వుకొందురు.)

కొన్నేండ్లకు ఆ లంకల మిత్రుని యింటికి పోయితిని. అరుగుపై కూర్చుండి యుండగా లోపలినుండి వాని తల్లి, 'సందె పడింది, దీపం పెట్టరా!' అని కేకవేసెను. వాడు లేచి నావంక చూచి, 'ఔట్ లేదుగదా, వెలిగించవచ్చు' అని లోనికి పోయెను.