నొప్పి లేని రక్తము: మూత్రాశయ క్యాన్సరు

వేసవి నెలలలో కృష్ణా తీరమున ఎవరికైనను మూత్రము ఎర్రగా వచ్చినదన్నచో ఇంటిలో వెంటనే దొరకు సమాధానము 'వేడి చేసినది' అని. కొబ్బరి బొండము, బార్లీ నీరు, సబ్జా గింజలు, పలుచని మజ్జిగ వరుసగా వచ్చును. రెండు మూడు దినములలో మూత్రము తేటపడును. సంగతి మరుగున పడును. ఎండలో నీరు చాలక మూత్రము చిక్కబడి ముదురు పసుపుగా మారుట నిజమే. అట్టి దానికి మజ్జిగ మంచి మందే. కాని ముదురు పసుపు వేరు, రక్తపు ఎరుపు వేరు. నొప్పి గాని మంట గాని లేకుండ మూత్రములో రక్తము పడి, దానంతట అదియే నిలిచిపోవుట మూత్రాశయ క్యాన్సరునకు మొదటి గుర్తు కావచ్చును. అట్లు నిలిచిపోవుటయే ఇందలి చిక్కు. రోగి నయమైనదనుకొనును, కణితి లోపల అట్లే యుండును.

ఎర్రని మూత్రమంతయు రక్తము కాదు. బీటుదుంప తిన్న మరునాడు కొందరికి మూత్రము ఎర్రబారును. క్షయరోగులు వాడు రిఫాంపిసిను మందు దానిని నారింజ రంగునకు మార్చును. రక్తమే అయినను మూత్రపిండములోని రాళ్ళ వలన గాని, సూక్ష్మజీవుల వలన గాని వచ్చి యుండవచ్చును. వీనిలో ఏదియో తేల్చుటకు మూత్ర పరీక్షయు, స్కానింగును ఉన్నవి, ఊహతో పనిలేదు. స్త్రీలలో ఈ రక్తమును ఋతు సంబంధమైనదనియో, మూత్రనాళపు మంటయనియో భావించి పలుమార్లు అవే మాత్రలు ఇచ్చుటచే కాలము గడచిపోవుచుండును.

మూత్రాశయము కండరములతో చేయబడిన సంచి. పెద్దవారిలో అది సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రమును పట్టును. లోపలి వైపున, సంచితో పాటు సాగుచు ముడుచుకొనుచు నుండు పలుచని పొర ఒకటి కలదు. మూత్రములోని వ్యర్థములు మరల రక్తములోనికి పోకుండ అది అడ్డుగా నుండును. ఈ వ్యాధి సాధారణముగా ఆ పొరలోనే పుట్టును. వైద్యుడు ముందుగా తెలిసికొనగోరునది ఒక్కటే: అది కండరములోనికి దిగినదా, లేదా? బయటపడునాటికి ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి అది కండరమును చేరి యుండదు. వారి చికిత్స ఒక త్రోవ. తక్కిన వారిది వేరొక త్రోవ.

రక్తముతో శరీరమంతట తిరుగు విషము మూత్రాశయమునే ఏల పట్టవలెను? ఈ ప్రశ్నకు జవాబు రంగుల కర్మాగారముల నుండి వచ్చినది. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు ఫుక్సిను అను ఎర్రరంగు తయారుచేయు కార్మికులలో ఈ వ్యాధిని గుర్తించెను. 1938లో అమెరికాలో విల్హెల్ము హ్యూపరు, రంగుల పరిశ్రమలో వాడు బీటా-నాఫ్తైలమీనును కుక్కలకు పెట్టి వాని మూత్రాశయములలో కణితులు పుట్టుట చూపెను. ఇట్టి పదార్థములను సువాసన అమీనులని రసాయనజ్ఞులందురు. పేరులో సువాసన యున్నను పనిలో లేదు.

ఇవి శరీరమును చేరినపుడు కాలేయములోని ఎంజైములు వానికి ఆక్సిజనును జతపరచును. పిమ్మట వానిని గ్లూకురోనిక్ ఆమ్లముతో కట్టి, నీటిలో కరగునట్లు చేసి మూత్రములోనికి పంపును. శరీరము దృష్టిలో ఇది చెత్తను మూటగట్టి బయట వేయుట. కాని ఆమ్లగుణము గల మూత్రములో ఆ మూట విడిపోవును. విడివడిన పదార్థము చురుకైనదై, లోపలి పొరలోని కణముల డి.ఎన్.ఏ.కు అంటుకొనును. మూత్రపిండము నుండి వచ్చు గొట్టములో మూత్రము క్షణములలో జారిపోవును. మూత్రాశయములోనో గంటల కొలది నిలువ యుండును. దెబ్బ అక్కడ తగులుటకు ఇది ముఖ్య కారణము. కాలేయము ఈ అమీనులను ఎసిటైలు సమూహముతో జతపరచి నిరపాయము చేయు మార్గము కూడ కలదు. కొందరిలో ఈ మార్గము పుట్టుకతోనే మందకొడిగా నుండును. వారికి అపాయము కొంత ఎక్కువ. కుక్కలో ఆ మార్గమే లేదు. హ్యూపరు ఎన్నుకొన్న జంతువు ఆ విధముగా సరియైనదే అయినది.

ఈ అమీనులే పొగాకు పొగలోను ఉన్నవి. రంగుల కర్మాగారములలో పనిచేయువారు కొద్దిమంది. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చువారు కోట్లు. అందుచేతనే ఈ వ్యాధికి ముఖ్య కారణము నేడు పొగాకే. కాల్చనివారితో పోల్చినచో కాల్చువారికి అపాయము సుమారు మూడు రెట్లు. పొగ ఊపిరితిత్తులకు చేయు చెరుపు విద్యార్థులందరికి తెలియును, మూత్రాశయమునకు చేయునది తెలిసినవారు అరుదు. 2003 నాటి చట్టము పాఠశాలకు 100 గజముల లోపున పొగాకు అమ్మకమును నిషేధించినది. కొలుచుటకు టేపు చాలును, కొలిచినవారు తక్కువ.

విజయవాడకు ఎగువన ఉన్న ఇబ్రహీంపట్నమున 1979లో విద్యుదుత్పత్తి మొదలిడిన థర్మల్ కేంద్రపు పొగగొట్టములు దూరమునుండియే కానవచ్చును. క్యాన్సరు మాట వచ్చినపుడు అక్కడి జనుల చూపు వాని వైపు పోవుట సహజము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో గాలి కాలుష్యమును క్యాన్సరు కారకముగా ప్రకటించినది. ప్రధానముగా అది ఊపిరితిత్తుల విషయము. మూత్రాశయ క్యాన్సరుతోను సంబంధము కానవచ్చుచున్నదని అది పేర్కొనినది. అంతమాత్రమున ఒక ఊరిలోని ఒక రోగికి ఇదియే కారణమని చెప్పుటకు వీలులేదు. గొట్టపు పొగను గూర్చి అడుగవలసినదే. కాని అడుగువాని చేతిలోని బీడీ పొగ ముక్కుకు మరింత దగ్గర. ప్రక్కనున్న కొండపల్లి బొమ్మలకు వేయు రంగుల మీద కూడ కొందరికి అనుమానము పుట్టవచ్చును. పైన చెప్పిన అమీనులు పరిశ్రమలలో రంగులు తయారుచేయు దశకు చెందినవి. అలమరలోని బొమ్మను చూచి భయపడనక్కరలేదు.

వ్యాధిని కంటితో చూచుటకు సిస్టోస్కోపు అను సన్నని దీపపు గొట్టము కలదు. మాక్సిమిలియన్ నిట్సె దీనిని 1877లో రూపొందించెను. కణితి కనబడినచో మూత్రమార్గము గుండానే పరికరమును పంపి గీకి తీసి, కండరపు ముక్కతో సహా పరీక్షకు పంపుదురు. పొట్టపై కోత ఉండదు.

కండరమును చేరని కణితి మరల మరల మొలచు స్వభావము కలది. దానిని ఆపుటకు వాడు మందు క్షయ టీకా అయిన బి.సి.జి. అన్నచో వినువారు నమ్మరు. మన దేశమున ఆ టీకాలు 1948లో మదనపల్లెలో ప్రారంభమైనవి. 1976లో కెనడా దేశపు వైద్యుడు ఆల్వరో మొరాలెస్ ఆ బలహీన జీవాణువులనే గొట్టము ద్వారా మూత్రాశయములోనికి వారమునకొకసారి చొప్పున ఆరు వారములు పంపి, కణితులు తగ్గుట చూపెను. ఆరు ఏల? ఆ టీకా ఆరేసి సీసాలుగా వచ్చెడిదట! నాటి నుండి నేటి వరకు ఆరు వారములే. జీవాణువులు లోపలి పొరకు అంటుకొనగా శరీరపు రక్షక కణములు వానిపైకి దండెత్తి వచ్చును, ఆ దాడిలో క్యాన్సరు కణములును నశించును. మందు రెండు గంటలు లోపల నిలుపవలెను. తరువాత మంట, కొద్దిపాటి జ్వరము రావచ్చును. జ్వరము హెచ్చుగా నుండి తగ్గకున్నచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. భారతదేశములో ఈ మందు తయారగుచున్నది.

కండరములోనికి దిగిన వ్యాధికి బి.సి.జి. చాలదు. ముందు మందులు, పిదప మూత్రాశయమును తీసివేయుట, లేదా తగిన వారిలో దానిని నిలుపుకొని రేడియేషను ఇచ్చుట జరుగును. 1985లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన నాలుగు మందుల కూర్పులో మొదటిది మెథోట్రెక్సేటు. అది లెడర్లీ పరిశోధనశాలలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున జరిగిన కృషి ఫలితము. రేన్ తన పరిశీలనను ప్రకటించిన 1895లోనే ఆయన జననము. తాము పెంచిన మందుల శక్తిని పూర్తిగ చూడకయే 1948లో గతించెను. వ్యాధి శరీరమున వ్యాపించిన వారికి ఇపుడు రెండు కొత్త మందులు, ఎన్‌ఫోర్టుమాబు వెడోటిను, పెంబ్రోలిజుమాబు, కలిపి ఇచ్చుచున్నారు. 2023లో వెల్లడియైన పరిశోధనలో ఇవి పొందిన రోగుల మధ్యస్థ జీవితకాలము 31 నెలలు దాటినది. పాత చికిత్స వారిది 16 నెలలు. కాని వీని ఖరీదు సామాన్య కుటుంబమునకు అందునది కాదు.

ప్రపంచమున 2022లో ఆరు లక్షల పైచిలుకు మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడినది. అయినను దీనిని గూర్చి మాటలాడువారు తక్కువ. మూత్రపు సంగతి నలుగురిలో చెప్పుకొనునది కాదుగదా. ఆ మౌనమును పోగొట్టుటకే అమెరికాలో 2005లో ఒక రోగి దంపతులు, ఒక వైద్యుడు కలిసి ప్రత్యేక సంస్థను నెలకొల్పిరి. 2019లో పలు దేశముల రోగి సంఘములు ఒక కూటమిగా ఏర్పడినవి. మే నెలను అవి ప్రచారమునకు కేటాయించినవి. మన వైపున అట్టి ప్రత్యేక సంఘముల కొరత తెలియుచునే యున్నది. మంగళగిరిలోని ఎయిమ్సు, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2020లో తెరచిన క్యాన్సరు కేంద్రము కృష్ణ దాటిన వెంటనే దొరకునవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇపుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచున్న పథకములో క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. ఏది చేరినదో, ఏది చేరలేదో ఆసుపత్రిలోని పథకపు సహాయ కేంద్రమున ముందే అడుగుట మంచిది. చికిత్స ముగిసిన పిదప మొదట మూడు మాసములకొకసారి గొట్టపు పరీక్షకు పోవలసియుండును. ఒంటికి బాగుండగనే మానివేయువారు అనేకులు. కూలి పోవును, బస్సు ఖర్చు, పరీక్ష అనిన జంకు, వెంట వచ్చు మనిషి లేకపోవుట, ఇవి కారణములు. తోడు పోవు బంధువు ఒకడున్నచో ఆ వరుస తప్పదు.

మూత్రాశయము తీసివేసిన వారికి పేగు ముక్కతో ఒక మార్గము ఏర్పరచి, పొట్టపై సంచి అమర్చుదురు. కొందరికి పేగుతోనే కొత్త సంచిని లోపల కుట్టుదురు. పైసంచితో స్నానము చేయవచ్చును, వదులు బట్ట క్రింద అది కనబడదు. మూడవ వంతు నిండగానే ఖాళీ చేసికొన్నచో బరువుకు ఊడదు. ప్రయాణములో ఒక అదనపు సంచి వెంట ఉంచుకొనవలెను. ముంబయిలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇట్టివారికి మెలకువలు నేర్పుచున్నది. అక్కడ నేర్పువారిలో తామును సంచి ధరించినవారుందురు. శస్త్రచికిత్సకు ముందే అట్టి వారొకరితో మాటలాడించుమని రోగి వైద్యుని అడుగవచ్చును.