సిగరెట్ పరిశ్రమ: వి.ఎస్.టి. ఉదాహరణ

సత్యవేడు ప్రాంత విద్యార్థులకు పరిశ్రమ అనగానే శ్రీసిటీ గుర్తుకు వస్తుంది. అంతకు చాలా ముందే, నిజాం పాలనలో, 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ లిమిటెడ్ నమోదైంది. ‘చార్మినార్’ సిగరెట్లు దీనికి పేరు తెచ్చాయి. 1983లో ఇది వి.ఎస్.టి. ఇండస్ట్రీస్‌గా మారింది.

తయారీ క్రమాన్ని గమనించండి. రైతులు వర్జీనియా ఆకును బ్యారన్లలో క్యూరింగ్ చేసి, పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో అమ్ముతారు. కొన్న ఆకు నుంచి ఈనెలు వేరుచేసి, రకాలు కలిపి, సన్నగా తరిగి, యంత్రాలపై కాగితంలో చుట్టి, పెట్టెల్లో నింపుతారు.

ఈ పరిశ్రమ రైతుకు ఆదాయాన్ని, ప్రభుత్వానికి పన్నును ఇస్తుంది. పొగతాగేవారికి క్యాన్సర్, గుండెజబ్బుల ముప్పు తెస్తుంది. అందుకే 2003 నాటి చట్టం సిగరెట్ ప్రకటనలను నిషేధించింది. కాబట్టి లాభాన్ని లెక్కించేటప్పుడు, వైద్యఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా మీరు పరిశీలించాలి.