18 వోల్టులా, 20 వోల్టులా?

రాంనగర్ ఫ్లాట్‌లో గోడకు షెల్ఫ్ బిగించాలి. ఊళ్లో మామిడి కొమ్మలు కోయాలి. రెండు పనులకూ ఒకే బ్యాటరీ సరిపోతుందా? డ్రిల్లు, రంపం ఒకే కంపెనీవి, ఒకే వోల్టేజి వరుసలోవి అయితే సాధారణంగా సరిపోతుంది. అందుకే కొనేముందు బ్యాటరీని చూడండి.

18 వోల్టుల బ్యాటరీ విప్పితే లోపల ఐదు లిథియం సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులు. నిండా చార్జి అయినప్పుడు ఒక్కో సెల్ 4 వోల్టులు దాటుతుంది. అందుకే కొన్ని కంపెనీలు దాని మీదే 20 అని వేస్తాయి. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి!

ఎంతసేపు నడుస్తుందో చెప్పేది యాంపియర్-అవర్. 18 వోల్టులను 4 యాంపియర్-అవర్లతో గుణిస్తే 72 వాట్-అవర్లు. 2 అయితే సగమే. షెల్ఫ్‌ను కాంక్రీటు పిల్లర్‌కు బిగించాలంటే మాత్రం మామూలు డ్రిల్లు చాలదు, తిరుగుతూ గట్టిగా కొట్టే రోటరీ హ్యామర్ కావాలి.