పికాస పోయింది గని, కట్ జేసిన మనుషులు ఆన్నే ఉన్నరు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులల్ల ఊర్ల ఫోటో స్టూడియోలకు పోయినా, ఇంటర్నెట్ సెంటర్లకు పోయినా పికాస కనపడుతుండె. ఫోటోషాప్ ఏస్తే పాత కంప్యూటర్ మొరాయించేది. పికాస తేలిక, పైంగ ఫుకట్. 2004ల గూగుల్ దాన్ని కొనుక్కొని జనానికి ఉత్తగనే ఇచ్చింది. 2016 మార్చి 15న ఇగ మాతోని కాదని చేతులు దులుపుకున్నది. ఉత్తగ ఇచ్చినోడు ఆపేస్తే అడిగే హక్కు మనకు ఉండదు, అది వేరే ముచ్చట. మన ఫోటోలు మాత్రం ఆ పాత హార్డ్ డిస్కులల్లనే ఉన్నయి.

వంటా-వార్పు ఫోటో ఒకటి అనుకోండ్రి. రోడ్డు మీద పొయ్యిలు, నడుమ నాయకుడు, పక్కలకు బువ్వ వండే అవ్వలు. పేపర్ల ఏసేతందుకు స్టూడియో అన్న నాయకుని వరకే కట్ జేసిండు. మరి అవ్వలు ఏడవోయిండ్రు?

యాడికీ పోలే. పికాస పనితీరే గమ్మతి. మీరు కట్ జేసినా, వెలుగు పెంచినా అసలు ఫోటోను అది ముట్టదు. పక్కన ఒక చిట్టీ రాసుకుంటది: దీన్ని ఇంత కొయ్యాలె, ఇంత తెల్లగ జెయ్యాలె అని. ఆ చిట్టీ పేరు 'పికాస డాట్ ఐఎన్ఐ'. ఫోటోలున్న ఫోల్డర్లనే దాగి ఉంటది. సేవ్ నొక్కితే అప్పుడు కట్ జేసిన ఫోటో బయట ఉంటది, అసలుది 'పికాసఒరిజినల్స్' అనే దాపు ఫోల్డర్లకు పోతది. అవ్వలు ఆ ఫోల్డర్ల ఉంటరు.

తిప్పలు ఏంటిదంటే, మనం ఫోటోలు పెన్ డ్రైవ్‌ల ఏసుకునేటప్పుడు కనపడేటియే పట్టుకొస్తం. చిట్టీ, దాపు ఫోల్డర్ ఆన్నే మిగులుతయి. ఆ కంప్యూటర్ పాత సామాన్లోనికి పోయిందంటే అవి కూడ పోయినట్టే. ఇంకొందరు 'గీ ఫోల్డర్ ఎందుకు, జాగా తింటుంది' అని డిలీట్ కొడుతరు.

అందుకే పాత కంప్యూటర్ దొరికితే ముందుగాల ఏదీ తెరువొద్దు, ఏదీ సాపు జెయ్యొద్దు. వ్యూ అనే కాడ 'హిడెన్ ఐటమ్స్'కు టిక్ పెట్టి, ఫోల్డర్‌కు ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కుల ఎక్కించుకోండ్రి. ఆ మిషన్ల పికాస ఇంకా నడుస్తుందా? నసీబ్ మంచిగున్నట్టే. ఫోటోలన్నీ పట్టి కింద 'ఎక్స్‌పోర్ట్' నొక్కండ్రి, సైజు తగ్గియ్యకుండ. చిట్టీల రాసుకున్న మార్పులన్నీ ఎక్కి కొత్త జేపీజీలు తయారైతయి, అసలువి అట్లనే ఉంటయి. అవి ఏ ఫోన్లనైన తెరుచుకుంటయి.

పికాస లేకుంటే ఎట్ల? చిట్టీని చూసి కటింగ్ మళ్లీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ మామూలుగ దొరకదు. జింప్ అసొంటి దాంట్ల మీరే మళ్లీ చేసుకోవాలె. గంత పెద్ద పని గాదు, అసలు ఫోటో ఉంటే చాలు. పేరు తెల్వని సైట్లల్ల పికాస దింపుకొని వైరస్ తెచ్చుకోవుడు మాత్రం వద్దు.

కొలాజ్‌ది ఇంకో లెక్క. 'సీఎక్స్ఎఫ్' అని ఒక ఫైల్ దొరుకుతది. అండ్ల ఫోటోలు ఉండయి, ఏ ఫోటో యాడ ఉన్నదో అడ్రస్ మాత్రమే ఉంటది. నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే చదువొస్తది. ఆ అడ్రస్ పట్టుకొని ఫోటోలు ఎతుక్కోవచ్చు.

ఇగ నాకు అన్నిటికన్న ముఖ్యమనిపించేది పేర్లు. పికాసల మొఖం మీద పేరు రాసే సౌలతు ఉండె. ఎవలన్న ఓపికగ రాసి ఉంటే, ఆ పేర్లు మస్తుసార్లు చిట్టీల ఉంటయి. దాన్ని గూడ నోట్‌ప్యాడ్‌ల తెరిచి, 'కాంటాక్ట్స్' అని ఉన్న కాడ చూడండ్రి. అంకెలు, అక్షరాలు కలగలిసిన పొడుగు నంబర్ పక్కన పేరు ఉంటది. మొఖాల వరుసల గూడ అదే నంబర్ ఉంటది, రెండూ కలుపుకుంటే ఎవలు ఎవలో తెలుస్తది. పికాస నడుస్తుంటే ఇంకా సులువు: టూల్స్‌ల ఎక్స్‌పెరిమెంటల్ కింద, పేర్లను ఫోటోలోపట్నే రాసే ఆప్షన్ ఉంటది. అది నొక్కితే పేరు ఫోటో ఎంబడే పోతది, డిజికామ్ అసొంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల గూడ కనపడుతది. పేర్లు అసలే రాయకుంటే, పొయ్యి కాడ కూసున్న అవ్వలల్ల ఇంకా ఎవలున్నరో చూసి, ఫోన్ల ఆ ఫోటో పెద్దగ జేసి చూపెట్టి అడగండ్రి.